మింగాక ఒక మాట

డండీలో, హిల్‌టౌన్ ఎత్తు మీద మా మందుల షాపు.
తొమ్మిదికి షట్టర్ లేపగానే
టే నది మీది పొగమంచు
మనుషులకన్నా ముందు లోపలికొస్తుంది.

కౌంటర్ చివర ఒక గది. పేరుకే గది,
రెండు ప్లైవుడ్ చెక్కలు, ఒక కుర్చీ.
అక్కడే అలిస్టర్ మింగాలి,
నేను చూస్తుండగా.

ఆకుపచ్చ మెథడోన్, అరవై మిల్లీలీటర్లు.
ఆపైన గుక్కెడు నీళ్లు.
ఆపైన ఏదో ఒక మాట మాట్లాడాలి.
బుగ్గన దాచి బయట అమ్ముకునేవాళ్లుంటారని
పెట్టిన రూలు.
నోరు ఖాళీ అని నోరే సాక్ష్యం చెప్పాలి.

మొదటి వారం అతని మాట: "ఊఁ."
రెండో వారం: "చలి."
బయట జూలై.
చేతుల మీద ఈకలు పీకిన కోడి తోలు.
ఆవలింత మీద ఆవలింత, నిద్ర మాత్రం లేదట.
కళ్లూ ముక్కూ ధారగా కారుతుంటే
"ఒళ్లు ఏడుస్తోంది, నేను కాదు" అన్నాడు.
అదే మొదటి పూర్తి వాక్యం.

ఇళ్ల కప్పుల మీద పలకరాళ్లు పరిచేవాడట.
జారిపడ్డాడు, నడుము విరిగింది, మాత్రలిచ్చారు,
మాత్రలు ఆపేశారు, పొడి దొరికింది,
పొడి తర్వాత సూది.
ఒక్కరోజులో చెప్పలేదు ఇదంతా.
రోజుకో వాక్యం చొప్పున నలభై ఉదయాలు.
నా తోడికోడలు ఇన్నేళ్లలో
నాతో అంత మాట్లాడలేదు.

"ముల్లును ముల్లుతోనే తీయాలంటారు మావైపు" అన్నాను.
"మరి రెండో ముల్లుని?" అన్నాడు.
చీటీ మీద జవాబుంది:
రెండు వారాలకోసారి ఐదు తగ్గించు.

కొలపాత్ర గీతల దగ్గర
నా లెక్క ఇప్పటికీ తెలుగులోనే నడుస్తుంది.
సూరమ్మత్త కుంచంతో వడ్లు కొలుస్తూ
ఒకటి అనేది కాదు.
లాభం, రెండు, మూడు...
లాభం దగ్గర మొదలైంది ఎక్కడిదాకైనా పోనీ అని.
నేను కొలిచేది మాత్రం వెనక్కి.

నవంబర్లో మూడు రోజులు రాలేదు.
అతని పేరున్న సీసాలు మూడు, మూత తీయకుండా అరలో.
నాలుగో రోజు వచ్చాడు,
కంటిపాప గుండుసూది మొనంత.
ఇవ్వకూడదు.
మొన్నటిదాకా నిలబెట్టిన మోతాదే
ఇవాళ ఊపిరి ఆపెయ్యగలదు.
కాదన్నాను. బల్ల గుద్దాడు.
నా ఒంటి రంగు మీద ఒక మాట అన్నాడు.
ఏమీ మింగకుండానే మాట్లాడింది ఆ ఒక్కరోజే.
క్లినిక్‌కి ఫోన్ చేసి, కుర్చీ చూపించాను.
గంటన్నర కూర్చున్నాడు.
దగ్గుమందులు అమ్ముతూనే
అతని ఛాతీ లేచి పడుతోందా అని
చూస్తూనే ఉన్నాను.

మళ్లీ ముప్పై దగ్గర మొదలు.
క్షమించమని అడగలేదు.
మింగి, నీళ్లు తాగి,
"మీ షాపు కప్పు మీద, మూడో వరసలో
పలక ఒకటి కదిలింది" అన్నాడు.
ఆ శనివారం వానకి
పిల్లల సబ్బుల అర తడిసింది. బకెట్ పెట్టాం.

అరవై నుంచి పదికి దిగడం ఒక ఎత్తు,
పది నుంచి కిందికి మరో ఎత్తు.
"రాత్రంతా నా కాళ్లు నన్నే తంతున్నాయి."
"ఎముక లోపల దురద, చెయ్యి అందదు."
"ఇవాళ టోస్ట్ కాలిన వాసన తెలిసింది."
"ఇవాళ ఏమీ లేదు, ఏదో ఒకటి అనాలిగా."

ఈ ఉదయం చీటీలో ఒక్క మిల్లీలీటరు.
గ్లాసు అడుగు తడిసిందంతే.
"లాభం" అన్నాను, పైకే.
"ఏంటది?"
"ఒకటి."
తాగాడు. నీళ్లు తాగాడు.
కప్పు వైపు చూసి, "ఆదివారం నిచ్చెన తెస్తా" అన్నాడు.
విరిగిన నడుముతో ఎక్కొద్దన్నాను.
నిచ్చెన పట్టుకునేవాళ్లుంటే చాలట.

రికార్డులో టిక్కు పెట్టాను.
రేపటినుంచి అతను నాతో మాట్లాడాలని
ఏ రూలూ లేదు.